నానమ్మ కాలి మీద పక్కింటి చెయ్యి

నా చిన్నప్పుడు నల్లా నీళ్లు వచ్చే ఒక రోజున మా నానమ్మ తిట్టు మధ్యలో ఆగిపోయింది. "నీ మోటరు గాలిపోను, నీ పైపు..." అన్నది. ఆ పైపుకు ఏం కావాలో చెప్పలేదు. వాకిట్లో గిన్నెలు తోముకునే రాయి మీద కూర్చున్న నేను తల ఎత్తి చూశాను. మా నానమ్మ మొదలుపెట్టిన తిట్టును సగంలో వదిలేయడం నేను ఎన్నడూ చూడలేదు. నల్లా నీళ్లు బిందెలో పడుతున్న చప్పుడు తప్ప వాకిట్లో ఏమీ వినిపించలేదు. భయం అంటే ఏమిటో నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే.

నిజానికి రక్తాన్ని నేను అంతకు ముందే చూశాను. నానమ్మ కాళ్ల దగ్గర నుంచి మోరీ వైపు పారుతున్న నీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమె చీర కింద కట్టుకున్నది కొత్త లంగా. ముదురు ఎరుపు. తడిస్తే రంగు పోతుందని అమ్మ ముందురోజే అన్నది. లంగా రంగు పోతోందనుకుని నేను ఆ ఎర్రనీళ్లలో ఒక ఆకును వదిలి అది మోరీ దాకా వెళ్తుందా లేదా అని చూస్తూ కూర్చున్నాను.

అప్పట్లో మేము నాచారంలో, ఫ్యాక్టరీల వెనుక ఒక వరుస ఇళ్లలో అద్దెకు ఉండేవాళ్లం. అన్ని ఇళ్లకూ కలిపి ఒకే వాకిలి, ఒకే నల్లా. రోజు విడిచి రోజు మధ్యాహ్నం పూట నీళ్లు వచ్చేవి. ఎప్పుడు వస్తాయో తెలియదు, ఎప్పుడు పోతాయో అంతకన్నా తెలియదు. అందుకే నల్లా వచ్చిందంటే పొయ్యి మీద అన్నం మాడినా ఎవరూ లోపలికి వెళ్లేవారు కాదు. "నల్లా వచ్చినప్పుడు ఎవలన్న సచ్చిపోయినా బిందె నిండినంకనే ఏడ్వాలె" అని నానమ్మ నవ్వుతూ అనేది. అది ఉత్త నవ్వులాట మాట కాదని ఆ రోజు తెలిసింది.

నానమ్మ భువనగిరి వైపు నుంచి వచ్చిన మనిషి. సబ్బులు ప్యాక్ చేసే షెడ్డులో ఏళ్ల తరబడి నిలబడి పనిచేసింది. ఆ నిలబడటం వల్లనే కావచ్చు, మోకాళ్ల కింద నరాలు ఉబ్బి, మెలికలు తిరిగి, వంకాయ రంగులో ముడులు కట్టి ఉండేవి. చీలమండ దగ్గర అయితే చర్మం పల్చబడి, తాకితే చిట్లుతుందేమో అన్నట్టుండేది. అడిగితే "కాళ్లల్ల వానపాములు వెంచుకుంటున్న" అనేది. డాక్టరుకు చూపించుకొమ్మని నాన్న ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. నొప్పి లేని దానికి దవాఖానా ఎందుకు అనేది.

ఆ రోజు నిండిన స్టీలు బిందెను జరుపుతుంటే దాని అడుగు అంచు ఆ పల్చటి చోట గీరుకుంది. గీరుకున్న సంగతి ఆమెకే తెలియలేదు. నొప్పి లేదు. నీళ్లలో నిలబడి ఉంది కాబట్టి తడి తెలియలేదు. కాలి మీద చీర అంచు పడి ఉంది కాబట్టి ఎవరికీ కనబడలేదు. పక్కింటావిడను తిడుతూ మరో బిందె పెట్టింది. ఆ తర్వాత ఇంకో బిందె. ఎంత రక్తం పోయిందో ఎవరూ చెప్పలేరు. పోయినదంతా మోరీలో కలిసిపోయింది.

పక్కింటావిడ గురించి చెప్పాలి. ఆమెను నేను అత్తయ్య అని పిలిచేదాన్ని. కోస్తా వైపు వాళ్లు. వాళ్లాయన మౌలాలిలో రైల్వే ఉద్యోగం చేసేవాడు. వాళ్లు నల్లాకు పైపు తగిలించి మోటరు పెట్టేవారు. నానమ్మకు అది కిట్టేది కాదు. ఆ మోటరు పెడితే మిగతా బిందెల్లోకి సన్నటి ధార కూడా రాదని ఆమె ఫిర్యాదు. రెండేళ్లుగా వాళ్లిద్దరి మధ్యా తిట్లు తప్ప మాటలు లేవు. నల్లా లేని రోజున ఎదురుపడితే ఇద్దరూ మొహాలు తిప్పుకునేవాళ్లు. నల్లా ఉన్న రోజున మాత్రం వాకిలంతా వినేలా మాట్లాడుకునేవాళ్లు.

తిట్టు ఆగిపోయాక నానమ్మ గోడ పట్టుకుని మెట్టు మీద కూలబడింది. చీర అంచు పక్కకు జరిగింది. చీలమండ లోపలి వైపు నుంచి రక్తం సన్నటి దారంలా చిమ్ముతోంది. నేను అరిచాను. అమ్మ కుట్టుపని తెచ్చుకోవడానికి బజారుకు పోయింది, నాన్న ఫ్యాక్టరీలో ఉన్నాడు. వాకిట్లో ఉన్న ఆడవాళ్లంతా చుట్టూ చేరారు.

వాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. అది ముందే చెప్పాలి. ఒకామె పరుగున పోయి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నానమ్మను కూర్చోబెట్టింది. ఒకామె కాలిని నల్లా కింద పెట్టి కడిగింది. ఇంకొకామె తన కూతురి జడ రిబ్బను విప్పి మోకాలి కింద గట్టిగా ముడి వేసింది. ఎవరో పసుపు అన్నారు, ఎవరో చాయపత్తి అన్నారు, రెండూ తెచ్చి అద్దారు. దాని మీద ఒక గుడ్డ పెట్టారు. ఇంతలో పై ఇంటామె దిగింది.

"ఎట్లైంది?"

"బిందె తాకింది."

"ఏ బిందె? స్టీలుదా?"

"ఆఁ, స్టీలుదే."

"జర సూడనియ్యి, ఎంత లోతున్నదో."

గుడ్డ తీశారు. ఆమె చూసి నాలుక కరుచుకుంది. రక్తం మళ్లీ చిమ్మింది. మళ్లీ గుడ్డ పెట్టారు. ఈలోగా కిరాణా కొట్టామె వచ్చింది. "ఎట్లైంది?" అన్నది. మళ్లీ చెప్పారు, మళ్లీ తీశారు. మా వైపు ఇది మర్యాద. దెబ్బ తగిలిందని విని వచ్చిన మనిషికి ఎట్లా తగిలిందో చెప్పాలి, తగిలిన చోటు చూపించాలి. చూపించకపోతే పరాయిదానిలా చూశారని నొచ్చుకుంటారు. నానమ్మ కూడా ఆ మర్యాద తెలిసిన మనిషే. వచ్చిన ప్రతి ఒక్కరి కోసం తనే వంగి గుడ్డను పక్కకు జరిపి చూపించింది. మధ్యలో ఒకరిద్దరు వెనక్కి తిరిగి నల్లా వైపు చూసి, పొర్లుతున్న బిందెను జరిపి ఖాళీది పెట్టి వచ్చారు. నేను నానమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. ఆ చెయ్యి ఎండాకాలంలో కూడా కుండలా చల్లగా ఉంది.

అప్పుడు అత్తయ్య వచ్చింది. రెండేళ్లలో మొదటిసారి ఆమె మా గడప వైపు వచ్చింది. ఎట్లైంది అని అడగలేదు. కుర్చీ పట్టుకుని, "దించండి. కింద పడుకోబెట్టండి. తడైతే తడిసింది" అన్నది. నానమ్మను ఆ తడి బండల మీదే వెల్లకిలా పడుకోబెట్టారు. అత్తయ్య పక్కన కూలబడి, నానమ్మ మడమను ఎత్తి తన భుజం మీద పెట్టుకుంది. రిబ్బను ముడిని పళ్లతో లాగి విప్పేసింది. "పైన కడితే కిందికి దిగిన రక్తం పైకి పోలేక ఇంకా తోసుకొస్తుంది" అన్నది. తన పైట చెంగును నాలుగు మడతలు వేసి ఆ చోటున పెట్టి, రెండు బొటనవేళ్లతో అదిమింది.

వీధి చివరి నుంచి ఇంకొకామె వచ్చి, "ఒకపారి సూడనియ్యి అక్కా" అని వంగింది.

"ఎవరూ చూడక్కర్లేదు. వచ్చినవాళ్లందరికీ చూపించడానికి ఈవిడేమన్నా కొత్త పెళ్లికూతురా?"

ఆమె మొహం మాడ్చుకుని వెనక్కి జరిగింది. నానమ్మ కళ్లు మూతలు పడుతున్నాయి. అత్తయ్య నా వైపు తిరిగి, కాలి వైపు చూడొద్దని, నానమ్మ మొహం మాత్రమే చూస్తూ ఉండమని, పెదవుల రంగు మారితే చెప్పమని నెమ్మదిగా అన్నది. తర్వాత ఉన్నట్టుండి గొంతు పెంచింది.

"ఏమండీ, మొన్న నా పైపు పీకేసింది మీరే కదా?"

నానమ్మ కళ్లు తెరిచింది.

"నేనెందుకు వీకుత? నీ పైపుకు నల్లాతోని పెండ్లి జేసినవా ఏంది, ఊడకుంట ఉండెతందుకు?"

"మరి ఊడిన పైపు మీ బిందెలోకి ఎలా వచ్చిందో?"

"దానికి బుద్ధున్నది. నిన్ను ఇడిశి నా కాడికొచ్చింది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కాలు పట్టుకుని తగువు పెట్టుకుంటోంది, ఇదేం మనిషి అని ఎవరో గొణిగారు. నాకు కూడా కోపం వచ్చింది. పడిపోయిన మా నానమ్మతో కొట్లాటేమిటి అనుకున్నాను. అత్తయ్య మాత్రం ఆపలేదు. కిందటేడు పగిలిన బకెట్టు సంగతి తీసింది. మా అమ్మ ముగ్గు వేస్తూ వాళ్ల గడప మీద సున్నం చల్లిందన్న పాత నేరం తీసింది. ప్రతి దానికీ నానమ్మ జవాబు చెప్పింది. జవాబు చెప్పినంతసేపూ అత్తయ్య చూపు నానమ్మ మొహం మీదే ఉంది. చేతులు మాత్రం కదల్లేదు. గుడ్డ ఎర్రబడితే దాన్ని తీయకుండా, దాని మీదే ఇంకో గుడ్డ పెట్టమని పక్కామెతో చెప్పింది. రక్తం కారడం తగ్గింది.

"సర్లెండి, ఇవాళ ఎన్ని బిందెలు పట్టారు నా వంతులోంచి?" అని అడిగింది అత్తయ్య.

నానమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. పెదవులు కదిలాయి.

"నల్లా ఇంక రాలే గద" అన్నది.

నల్లా ఆమె తలకు జానెడు దూరంలో పారుతోంది.

అత్తయ్య మొహంలో తగువు అంతా ఒక్కసారిగా పోయింది. "ఆటో" అన్నది. గట్టిగా అనలేదు, కాని ఆ మాటకు ఇద్దరు మనుషులు గేటు వైపు పరుగెత్తారు.

ఆటోలో నానమ్మను సీటు మీద పడుకోబెట్టి, కాళ్లు అత్తయ్య ఒళ్లో పెట్టారు. నానమ్మ నా చెయ్యి వదలలేదు కాబట్టి నన్నూ ఎక్కించారు. కింద ముడుచుకుని కూర్చుని నేను పెదవులు చూస్తూ వచ్చాను. ఉప్పల్ వైపు రోడ్డంతా గతుకులు. ప్రతి గతుకుకూ అత్తయ్య తల పైన కడ్డీకి తగిలింది, చెయ్యి మాత్రం జారలేదు. నానమ్మ ఇప్పుడు జవాబులు చెప్పడం లేదు. అయినా అత్తయ్య అడుగుతూనే ఉంది, బతిమాలుతున్నట్టు అడిగింది. "తిట్టండి. నన్ను ఒక్కసారి తిట్టండి." దారి పొడవునా అదే మాట.

దవాఖానాలో నర్సు వచ్చి చెయ్యి తీయమన్నప్పుడు అత్తయ్య వేళ్లు విడిపోలేదు. నర్సు ఒక్కో వేలినీ విడదీసింది. లోపలికి తీసుకుపోయారు. సెలైన్ పెట్టారు, రక్తం ఎక్కించారు, కుట్టు వేసి కాలంతా గట్టిగా కట్టు కట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు నాన్నతో అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నేను వరండాలో అత్తయ్య పక్కన బల్ల మీద ఉన్నాను. ఎవరో చాయ్ తెచ్చి ఇస్తే ఆమె కప్పు పట్టుకోలేక నాకు ఇచ్చింది.

నేను ఆమెను అడిగాను. మా నానమ్మతో ఎందుకు కొట్లాడావు అని. ఆమె తన బొటనవేళ్లు చూసుకుంది. మనిషిలో రక్తం తగ్గితే బుర్ర మందగిస్తుందని, మాట తడబడుతుందని, ఊరికే పలకరిస్తే 'ఊఁ' అని ఊరుకుంటారని, మా నానమ్మకు ఒంట్లో ప్రాణం ఉన్నంతవరకూ తగువుకు మాత్రం పూర్తి జవాబు చెబుతుందని తనకు తెలుసునని చెప్పింది. జవాబు సూటిగా ఉన్నంతసేపు తనకు ధైర్యంగా ఉందట. అందరూ చూడాలని ఎందుకు వస్తారో కూడా చెప్పింది. "పాపం, ప్రేమతోనే వస్తారు. కాని చూస్తే ఆగదమ్మా. నొక్కితే ఆగుతుంది."

ఆ తర్వాత, నాతో కాదన్నట్టు, ఎదురుగోడతో అన్నది. "మా అమ్మక్కూడా ఇలాంటి కాళ్లే. ఇలాగే పగిలింది. నేనే కుర్చీలో కూర్చోబెట్టాను. వచ్చినవాళ్లందరికీ నేనే తీసి చూపించాను." అక్కడితో ఆపేసింది. వాళ్ల అమ్మ ఏమైందని నేను అడగలేదు. ఇప్పటికీ తెలియదు.

నానమ్మ మర్నాడు కళ్లు బాగా తెరిచి మొదట అడిగింది "నా బిందెలు లోపల పెట్టిన్రా" అని. ఇంటికి వచ్చాక, కాలికి కట్టుతో గుమ్మంలో కూర్చుని, అత్తయ్య పైపు తగిలిస్తుంటే కేకేసింది. "ఇగో, నా కాలు వట్టుకున్నవని నేను నీ పైపు వట్టుకుంట అనుకోకు." అత్తయ్య, "మీ కాలు పట్టుకున్న పాపానికి ఇంకో జన్మ ఎత్తాలి నేను" అన్నది. అయితే ఆ రోజు నుంచి మోటరు పెట్టే ముందు మా బిందెలు నిండేవి. అవి ఎవరు నింపుతున్నారో నానమ్మకు తెలియనట్టే ఉండేది.

ఈ కథను నేను ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. పెళ్లిళ్లలో, కాలేజీ హాస్టల్లో, అత్తగారింట్లో కొత్తలో అందరినీ నవ్వించాలని. పైపుకు నల్లాతో పెళ్లి చేశావా అనే మాట దగ్గర ఎవరైనా నవ్వాల్సిందే. నానమ్మ గొంతు, అత్తయ్య గొంతు రెండూ నాకు వచ్చు. ఆ రోజు నుంచి నేను మోసుకొచ్చింది ఆ రెండు గొంతులనే. ఆ చేతులను అక్కడే వదిలేసి వచ్చానని మొన్న ఆదివారం దాకా నాకు తెలియదు.

ఎండలు ముదిరాయని బాల్కనీలో మూటగట్టి ఉన్న కూలర్‌ను మొన్న విప్పాం. మా ఆయన ఆ పూట చర్లపల్లిలో డ్యూటీలో ఉన్నాడు. కూలర్ పక్క తలుపులు పల్చటి రేకు. గడ్డి మార్చాలని నేను ఒక తలుపు ఊడదీసి, పట్టుకుని నిలబడమని మా పెద్దదానికి ఇచ్చాను. దానికి తొమ్మిదేళ్లు. చిన్నవాడు బంతి వెనకాల పరుగెత్తుకొచ్చి, ఆ రేకు అంచును మోచేతి కింద రాసుకుంటూ పోయాడు. వాడు ఏడవడం నేను విన్నాను, తిరిగి చూసేసరికి టైల్స్ మీద రక్తం.

నేను మొదట అన్న మాట "ఎట్లైంది?" అని.

రెండో మాట "ఎవరు చేసిన్రు?" అని.

చేతికి అందిన తువ్వాలు వాడి చేతికి చుట్టాను. వెంటనే ఫోన్ తీసి మా ఆయనకు వీడియో కాల్ చేశాను. "ఏదీ, చూపియ్యి" అన్నాడు. తువ్వాలు తీసి చూపించాను. "లైట్ దగ్గరికి రా, సరిగ్గా కనబడ్తలేదు" అన్నాడు. లైట్ దగ్గరికి తీసుకుపోయి మళ్లీ తీశాను. మౌలాలిలో ఉన్న మా అమ్మకు చేశాను. "అయ్యో బిడ్డా, ఒకపారి సూపియ్యి" అన్నది. తీశాను. పసుపు పెట్టమంటే పెట్టాను. ఫ్యామిలీ గ్రూపులో పెడితే డాక్టరు చదువుతున్న మా బావగారి కొడుకు చూస్తాడు కదా అని ఫోటో తీయడానికి ఇంకోసారి తీశాను. ప్రతిసారీ కుట్లు పడతాయా పడవా అని తేల్చుకోవాలనే నా ఆత్రం. ప్రతిసారీ రక్తం కొత్తగా వచ్చింది. వాడి నిక్కరు దాకా కారింది.

"అమ్మా, నువ్వు తీసినప్పుడల్లా వస్తున్నది" అన్నది పెద్దది.

అది ఇంకా ఆ రేకు తలుపును పట్టుకునే నిలబడి ఉంది. పట్టుకుని నిలబడమన్నాను కదా, వదలమని ఎవరూ చెప్పలేదు.

"నోర్ముయ్యి. తలుపు సక్కగ పట్టుకొమ్మంటే పట్టుకోలేదు. నీ వల్లనే అయింది అంతా" అన్నాను. మా ఆయన మళ్లీ చేసిన కాల్ అప్పటికే ఆన్‌లో ఉంది. అవతల వాళ్ల నాన్న విన్నాడు. అమ్మమ్మ కూడా విన్నది తర్వాత, నేనే మళ్లీ చెప్పాను కాబట్టి.

చివరికి కింది ఫ్లాటామె ఆటో పిలిచింది. ఎక్కి కూర్చున్నాక ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. చూపించడానికి ఎవరూ లేకపోయేసరికి తువ్వాలును అలాగే అదిమి పట్టుకుని కూర్చున్నాను. ఉప్పల్ చౌరస్తా చేరేలోపు రక్తం ఆగింది. అంతే. నేను చేయాల్సింది అంతే. అది ఇంట్లోనే, మొదటి నిమిషంలోనే చేసి ఉండొచ్చు. కాలు భుజం మీద పెట్టుకుని, పైట చెంగు అదిమి, వచ్చినవాళ్లను వెనక్కి పంపిన మనిషిని కళ్లారా చూసినదాన్ని నేను. ఆమె చెప్పిన మాట విన్నదాన్ని.

కుట్లు వేస్తూ డాక్టరు అడిగాడు. "ఇంట్లో గట్టిగా అదిమి పట్టారా అమ్మా?"

"పట్టామండి" అన్నాను.

పెద్దది నా పక్కనే ఉంది. నా మొహంలోకి చూసి, తర్వాత కిందికి చూసింది. ఏమీ అనలేదు. ఆ మధ్యాహ్నం దానికి నోరు మూసుకోమని చెప్పింది నేనే.

ఆ రోజు అది అన్నం తినలేదు. పడుకునే ముందు వాళ్ల నాన్నను అడిగిందట. తమ్ముడికి ఏమన్నా అయితే నన్ను చర్లపల్లి జైల్లో పెడతారా, మీ కంపెనీకి దగ్గరే కదా, నువ్వు రోజూ వచ్చి చూస్తావా అని. ఆయన ఆ మాట నాకు చెప్పినప్పుడు నేను వంటింట్లో రక్తం మరకల తువ్వాలు ఉతుకుతున్నాను. ఎంత ఉతికినా పసుపు పోలేదు.

పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. చిన్నవాడి చెయ్యి దిండు మీద పెట్టి ఉంది. వాడికి ఏమీ కాదు, డాక్టరు చెప్పాడు. నేను ఎక్కువగా చూస్తున్నది పెద్దదాన్ని. నిద్రలో కూడా దాని గుప్పిళ్లు బిగించి ఉన్నాయి. దెబ్బ తగిలిన చోటును నలుగురికీ తీసి చూపించినట్టే, తప్పు ఎవరిదో కూడా నేను నలుగురికీ చూపించాను. తువ్వాలు కింది గాయం మూసుకుంటుంది. రెండోది ఎట్లా మూసుకుంటుందో నాకు తెలియదు. అత్తయ్య వాళ్లమ్మ గురించి మధ్యలో ఎందుకు ఆపేసిందో మాత్రం ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది.

నిన్న పొద్దున, అంటే ఆ మర్నాడు, ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టుకున్నాను. ముందు పెద్దదానితో మాట్లాడాను. తలుపు నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు, రేకు తలుపు ఊడదీసి పిల్లల చేతికి ఇచ్చింది నేను, నీ వల్ల అన్నది తప్పు అన్నాను. అది తల ఊపింది కాని నమ్మినట్టు లేదు. అప్పుడు డాక్టరుతో నేను అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. దానికి మొదటిసారి నా వైపు సూటిగా చూసింది.

"నాకు తెలుసు" అన్నది.

తర్వాత ఒక రుమాలు మడిచి, నా చేతి మీద పెట్టి, ఎట్లా అదమాలో ఇద్దరికీ చూపించాను. చిన్నవాడు ఒక్క చేత్తోనే నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కు అన్నాను. గుడ్డ తడిస్తే తీయొద్దు, దాని మీదే ఇంకోటి పెట్టాలి అన్నాను. ఒకరు నొక్కాలి, ఒకరు పోయి కింది ఆంటీని పిలవాలి, ఎట్లైందో ఎవరు చేశారో ఆగిపోయాక మాట్లాడుకుందాం అన్నాను.

"డాడీ చూపియ్యమంటే?" అన్నాడు చిన్నవాడు.

"చూపియ్యొద్దు."

"అమ్మమ్మ చూపియ్యమంటే?"

"చూపియ్యొద్దు."

పెద్దది నా చేతిని అదిమి పట్టుకునే ఉంది. దాని బొటనవేళ్లు తెల్లబడ్డాయి.

"నువ్వు చూపియ్యమంటే?" అని అడిగింది.

నేను అడుగుతాను, నాకు తెలుసు, నేను తప్పకుండా అడుగుతాను అని చెప్పాను. ఏడుస్తాను, అరుస్తాను, మిమ్మల్ని తిట్టినా తిడతాను. "అయినా చెయ్యి తియ్యకు. అప్పుడు మాత్రం నా మాట వినకు బిడ్డా."